కాళ్ల బడిలో సైదయ్య

నాకు పాదాలంటే ఇష్టం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అయినా పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు సూర్యాపేటలో పాదాల వైద్యం నేర్పే బడి ఒకటి పెడితే, అందులో చేరిన మొదటి జట్టులో నేనూ ఉన్నాను. మాది మిర్యాలగూడ. ఉర్దూలోనూ లెక్కల్లోనూ తప్పిన నన్ను, ఈ చంద్రమౌళిని, ఏ దఫ్తరూ రమ్మనలేదు, ఈ బడి రమ్మంది. ఎవరైనా అడిగితే మా నాయన "మావోడు డాక్టరీ సదువుతున్నడు" అనేవాడు. ఒంట్లో ఏ భాగానికి డాక్టరీయో చెప్పేవాడు కాదు.

గుమ్మం మీద బోర్డులో "పాద సంరక్షణ శిక్షణాలయం" అని ఉండేది. ఊరు దాన్ని కాళ్ల బడి అంది. ఆ పేరు పూర్తిగా పలికినవాడు బోర్డు రాసినవాడొక్కడేనని నా అనుమానం. బడి ఒక పాత ముసాఫిర్‌ఖానాలో, బాటసారుల సత్రంలో ఉండేది. కప్పు ఉన్న వైపు తరగతి, కప్పు లేని వైపు మా పడకలు. అంతకు ముందు రెండు మూడేళ్లు మా తాలూకాల జనం పోలీసులకూ రజాకార్లకూ భయపడి గుట్టల్లో, ముళ్లకంపల్లో పరుగెత్తి పరుగెత్తి కాళ్లు పాడుచేసుకున్నారు. పరుగెత్తనివాళ్లకు దిగుడు బావుల నీళ్లతో వచ్చే నారికురుపు, వరి మడుల బురదలో నాని వేళ్ల సందుల్లో వచ్చే పుండ్లు ఉండనే ఉన్నాయి. ఒక సహాయ సంఘం వాళ్లు ఇదంతా చూసి బెజవాడ వైపు నుంచి డాక్టర్ పిచ్చేశ్వరరావుగారిని పిలిపించారు. చదువు వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ కలిపి కాళ్ల పని నేర్పి, కోదాడలో, నేరేడుచర్లలో, నడిగూడెంలో కొత్తగా తెరవబోయే చిన్న దవాఖానాలకు కట్లు కట్టే డ్రెస్సర్లుగా పంపాలని ఏర్పాటు.

నేను రాస్తున్నది నా గురించి కాదు, సైదయ్య గురించి. మమ్మల్ని చేర్చుకునే రోజున వరసలో అతను నా వెనకాల నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి. పొడగరే, కాని ఆ ఎత్తు ఎవరికీ కనబడకుండా వంగి ఉండేవాడు. నా వంతు అయిపోయాక డాక్టరుగారు అతన్ని అడిగారు.

"ఇదివరకు ఈ పనిలో ఏమన్నా అనుభవం ఉందా అండీ?"

ఆయన అందరినీ అండీ అనేవారు. ఆ మాట విని సైదయ్య, తన వెనక పెద్దమనిషి ఎవరో వచ్చారనుకుని తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"ఉన్నదయ్యా. గడీల కాళ్లు కడుగుతుంటి."

"ఎంతకాలం?"

"మీసాలు రాకముందుకెల్లి."

డాక్టరుగారు సంతోషించి అతని పేరు పక్కన "అనుభవజ్ఞుడు" అని రాసుకున్నారు. ఆయనది కృష్ణా జిల్లా. గడీని ఆయన గది అనుకున్నారు. ఏదో ఆస్పత్రి గదిలో రోగుల కాళ్లు కడిగిన మనిషి దొరికాడని మురిసిపోయారు. గడీ అంటే గది కాదని ఎవరు చెప్పాలి? నేను చెప్పబోయాను. నన్ను అప్పుడే చేర్చుకున్నారు కాబట్టి నోరు మూసుకున్నాను.

గడీ అంటే దొరగారి కోటలాంటి ఇల్లు. సైదయ్యది పెన్‌పహాడ్ దిక్కు ఒక ఊరు. అక్కడి గడీలో అతని పని ఒకటే. అరుగు దగ్గర నీళ్ల గంగాళం పెట్టుకుని కూర్చోవాలి. దొరగారి బంధువులు రానీ, పోలీసు అమీన్ సాబు రానీ, ఎవరు వచ్చినా నేల మీద కూర్చుని కాళ్లు కడగాలి, భుజం మీది తువ్వాలతో తుడవాలి, పాదాలు ముట్టుకుని ఆ వేళ్లు కళ్లకద్దుకోవాలి, "బాంచెన్ దొరా, కాల్మొక్త" అనాలి. తల ఎత్తకూడదు. అతని తండ్రి కూడా అదే అరుగు దగ్గర అదే పని చేశాడు. జీతం లేదు, అది వెట్టి. తల ఎత్తని పని కాబట్టి సైదయ్యకు ఈ లోకంలోని పెద్దమనుషులందరూ మోకాళ్ల కిందనే తెలుసు. అమీన్ సాబు బూట్లేసుకుని సంతలో ఎదురైతే గుర్తుపట్టేవాడు కాదు.

ఊళ్లో రైతుల సంఘం బలపడ్డాక దొర హైదరాబాదు పారిపోయాడు. ఆ రెండేళ్లు సైదయ్య ఎవరి కాళ్లూ కడగలేదు. తన కాళ్లు తను కడుక్కున్నాడు. పోలీసు చర్య అయ్యాక దొర మిలిటరీ జీపుల వెనకాల తిరిగి వచ్చాడు. గడీకి సున్నం వేయించాడు. అరుగు చూసుకున్నాడు, గంగాళం చూసుకున్నాడు, తర్వాత సైదయ్య ఏడని అడిగాడు.

సైదయ్య భార్య పద్మమ్మ ఆ కబురు వినగానే మొగుడి చేతికి సద్దిమూట ఇచ్చి సూర్యాపేట బాట పట్టించింది. "పొయ్యి దవాఖాన మనిషివి కా. దవాఖాన మనిషిని గడీకి పిలిస్తె పది మంది అడుగుతరు," అందట.

"గాడ గూడ కాళ్లే కడగాలెనటనే," అన్నాడట సైదయ్య.

"కడుగు. కని గాడ కాల్మొక్కుడు లేదు గద."

పద్మమ్మ మాటలో ఉన్న కిటుకంతా తర్వాత మాకు తెలిసింది. పరీక్ష పాసైతే సైదయ్యకు నడిగూడెం దవాఖానలో పని. తప్పితే అరుగు. మా అందరికీ పరీక్ష తప్పితే ఇంట్లో చీవాట్లే. అతనికి మాత్రం గడీ.

బడిలో మా బతుకు ఇలా ఉండేది. పొద్దున్నే గటక తాగి, జతలుగా కూర్చుని ఒకరి కాళ్లు ఒకరు కడగాలి. సూర్యాపేటలో మా అంత శుభ్రమైన పాదాలున్నవాళ్లు ఎవరూ లేరు, మా అంత మాసిన బట్టలున్నవాళ్లూ లేరు. ఈ జతల దగ్గరే మొదటి గొడవ వచ్చింది. కోదాడ నుంచి వచ్చిన యాదగిరి అనే పెళ్లికాని కుర్రవాడికి, ఇద్దరు ఆడపిల్లలున్న ఒక రైతు జత పడ్డాడు. యాదగిరి పాదాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఆయన నా కాళ్లు కడిగితే రేపు పిల్లనిచ్చానంటాడండీ," అన్నాడు డాక్టరుగారితో.

ఆ రైతు యాదగిరిని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "నేనెందుకిస్త," అన్నాడు. డాక్టరుగారు ఆ వేళ తరగతిలో సగం వేళ, వైద్యంలో కాళ్లు కడగడం వేరు, పెళ్లిలో కాళ్లు కడగడం వేరు అని చెప్పడంతోనే గడిపారు. చివరికి ఆ రైతును నాకు జతగా ఇచ్చారు. నాకు అప్పటికే పెళ్లయింది.

మధ్యాహ్నం పాఠాలు. పాదంలో ఇన్ని ఎముకలు ఉంటాయని నేనెన్నడూ అనుకోలేదు. వాటి పేర్లు నోటికి పట్టాలి. ఆనెకాయ చెక్కడం ఎలా, మడమ పగుళ్లలో మైనం నింపడం ఎలా, నారికురుపులో బయటికి వచ్చిన నారి పురుగు కొసను అగ్గిపుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం లాగడం ఎలా. తొందరపడితే నారి తెగుతుంది, తెగితే కాలు వాస్తుంది. వినడానికి తేలికే. చేసేటప్పుడు నేను మొహం పక్కకు తిప్పుకునేవాణ్ని.

అన్నిటికంటే ముందు డాక్టరుగారు చెప్పిన నియమం ఒకటుంది. "పుండును ముట్టిన చేతితో, కడుక్కునేదాకా దేన్నీ ముట్టకూడదు. ముఖ్యంగా కళ్లు. చీము చేత్తో కళ్లు ముట్టారో, చూపు పోతుంది. రెండు చేతులూ ఒంటికి ఎడంగా గాల్లో పట్టుకోండి." రబ్బరు తొడుగులు పంపుతామన్నవాళ్లు పంపలేదు. అందుకని చేతులు పైకెత్తుకుని నీళ్ల తొట్టి దాకా నడిచేవాళ్లం. ఆ రోజుల్లో సూర్యాపేటలో చేతులు పైకెత్తుకున్న మనుషులు కనబడితే రోడ్డు మీద పోయే జవాన్లు ఆగి లోపలికి తొంగి చూసేవారు. కాళ్ల బడి అని తెలిశాక కూడా ఇంకాసేపు చూసి పోయేవారు.

మొదటి రోగి మీద సైదయ్య చెయ్యి చూసి డాక్టరుగారు ఆనందపడ్డారు. అంత సుతారంగా పాదాన్ని పట్టుకునేవాళ్లు మాలో లేరు. కడిగాడు. తుడిచాడు. ఎర్రమందు నీళ్లు పోశాడు. గుడ్డ చుట్టాడు. చుట్టడం కాగానే వంగి పాదాలు ముట్టి, ఆ వేళ్లు రెండు కళ్లకూ అద్దుకున్నాడు.

"అదేంటండీ!" అన్నారు డాక్టరుగారు.

"ఏందయ్యా?" అన్నాడు సైదయ్య. తను ఏం చేశాడో అతనికి నిజంగానే తెలియదు.

మళ్లీ చేయించారు. మళ్లీ అద్దుకున్నాడు. డాక్టరుగారు నియమం మళ్లీ చెప్పారు. సైదయ్య శ్రద్ధగా విని, తల ఊపి, మూడో రోగి దగ్గర కూడా అద్దుకున్నాడు. చెప్పింది వినే చెవి వేరు, ఆ చెయ్యి వేరు. ఆ చెయ్యి పాతికేళ్లకు పైగా వేరే బడిలో చదువుకుంది.

స్టూలు కూడా అతనికి పడలేదు. డ్రెస్సరు స్టూలు మీద కూర్చుని రోగి పాదాన్ని ఒళ్లో పెట్టుకోవాలి. సైదయ్య స్టూలు చివర ఆనీ ఆననట్టు కూర్చుని, ఎవరైనా వచ్చిన చప్పుడైతే చాలు, జారి నేల మీదికి దిగేవాడు.

డాక్టరుగారు పట్టు వదిలే మనిషి కాదు. కుమ్మరిచేత మట్టి పాదం ఒకటి చేయించి సైదయ్యకు ఇచ్చారు. ప్రాణం లేని పాదం ముందు చేతికి అలవాటు తప్పుతుందని ఆయన ఆలోచన. ఆలోచన బాగానే పారింది. మట్టి పాదం దగ్గర సైదయ్య చెయ్యి కళ్లదాకా పోలేదు. ఒక వారం బుద్ధిగా ఉంది. కాని ఆ కుమ్మరి జీవితమంతా అమ్మవార్లను చేసినవాడు. పాదం చక్కగా, నిండుగా, వేళ్లు తీర్చిదిద్దినట్టు కుదిరింది. అది కిటికీ పక్క బల్ల మీద ఉండేది. కట్టు కట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లలో ఎవరో దానికి పసుపు రాశారు. మర్నాడు ఎవరో కుంకుమ పెట్టారు. శుక్రవారం పొద్దున డాక్టరుగారు వచ్చేసరికి దాని ముందు బంతిపూలు, కొబ్బరి చిప్ప, వెలిగి ఆరిన ఊదుబత్తులు ఉన్నాయి. ఇద్దరు ముసలమ్మలు చెప్పులు బయట విడిచి వచ్చి నిలబడ్డారు.

"ఇది పాఠం చెప్పే వస్తువమ్మా," అన్నారాయన.

"అవ్ బిడ్డా, మంచిగ సూస్తది తల్లి," అన్నారు వాళ్లు.

ఆ రోజు నుంచి మట్టి పాదాన్ని ముట్టినా సైదయ్య కళ్లకద్దుకున్నాడు. దానికి మాత్రం నేను అతన్ని తప్పుపట్టను. కొత్తగా వచ్చిన రోగులు కొందరు డాక్టరుగారి కంటే ముందు దానికే మొక్కి లోపలికి వచ్చేవారు. ఆయనకు అది ఎంత కష్టంగా ఉండేదో ముఖం చూస్తే తెలిసేది. చివరికి దాన్ని తీసి అల్మారాలో పెట్టి తాళం వేశారు. మర్నాడు అల్మారాకు కుంకుమ పెట్టారు.

తర్వాత జరిగింది నవ్వులాట కాదు. ఒక పశువుల కాపరి కాలి పుండు కట్టాక సైదయ్య కళ్లు ఎర్రబడి వాచాయి. రెప్పలు అంటుకుపోయేవి. వారం పాటు కప్పులేని వైపు పడకలో గోడకు తిరిగి పడుకున్నాడు. డాక్టరుగారు స్వయంగా చుక్కల మందు వేశారు. కళ్లు దక్కాయి. దక్కాక ఆయన అందరి ముందూ ఒక మాట చెప్పారు. ఆ గొంతులో కోపం లేదు, అందుకే అందరం భయపడ్డాం.

"పరీక్షకు హైదరాబాదు నుంచి పెద్ద డాక్టరు వస్తారు. సైదయ్యగారూ, ఆ రోజు మీ చెయ్యి ఒక్కసారి కళ్ల దగ్గరికి పోయినా తప్పినట్టే. కళ్లు పోగొట్టుకునేవాడికి నేను పాసు చీటీ ఇవ్వలేను."

అదే వారంలో గడీ సేవకుడు బీరన్న సంతకు వచ్చినట్టు వచ్చి బడి ముందు ఆగాడు. చెడ్డవాడు కాదు. అతనిదీ వెట్టే.

"దొర అడుగుతున్నడు, సైదా. పరీక్ష ఎప్పుడని అడుగుతున్నడు. పోతె అటే బండిల తీస్కరమ్మన్నడు."

"పోతదని దొరకు ఎవలు జెప్పిన్రు?"

"ఎవలు జెప్పలే. దొరకు నీ చెయ్యి ఎరికె గద," అన్నాడు బీరన్న. ఆ మాట అన్నాక తనకే బాధేసినట్టుంది, అంగీ జేబులోంచి బెల్లం ముక్క తీసి ఇచ్చాడు. సైదయ్య దాన్ని తినకుండా చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అతన్ని చూస్తే నాకు ఒళ్లు మండింది. దొర మీద మండిందా, ఆ చెయ్యి మీద మండిందా అంటే రెండిటి మీదా మండింది.

అందరం తలో ఉపాయం చెప్పాం. యాదగిరి వేళ్లకు మిరపపొడి రాసుకోమన్నాడు. పుండున్నవాళ్ల సంగతి ఏమిటని ఎవరూ ఆలోచించలేదు, మొదటి రోగి కేక వేసేదాకా. నేను మోచేతులకు తాడు కట్టి నడుముకు బిగించాను. చెయ్యి పైకి రాలేకపోతే సైదయ్య తలే కిందికి వంచి వేళ్లకు ఆనించాడు. ఇదంతా తెలియకుండానే చేశాడు. అతని మీద అతనికే అసహ్యం పుట్టింది. "ఇగ నాతోని కాదు మౌళి పంతులూ, మూట సర్దుకుంట," అన్నాడు.

అతన్ని ఆపింది గౌరీబాయి. నేరేడుచర్ల దగ్గరి తండా మనిషి, మా జట్టులో ఒక్కతే ఆడమనిషి, మొగుడు పోయినావిడ. మంచి మాటకారి. నిజం చెప్పాలంటే ఆమె మాటలతో నాకు తలనొప్పి వచ్చేది. మర్నాడు పొద్దున జతలు కట్టేటప్పుడు ఆమె సైదయ్య ఎదుట కూర్చుని పాదం చాపింది. అతను పట్టుకున్నాడు. నీళ్లు పోశాడు. తుడిచాడు. చెయ్యి లేచింది. గౌరీబాయి ఆ చేతి మీద చెళ్లున ఒక్కటి వేసింది.

"నోట్ల ఏమంటున్నవన్నా?"

"ఏమంటలేను."

"అంటున్నవ్. నీ పెదవులు ఆడినయి. నేను సూసిన."

సైదయ్య తన పెదవులు కదిపి చూసుకున్నాడు. "బాంచెన్ కాల్మొక్త అంటున్ననా ఏంది?"

"నన్నడుగుతవేంది? నోరు నీది." గౌరీబాయి పాదం వెనక్కి తీసుకుంది. "నేను నిన్ను అన్నా అంటున్న. నువ్వు నా కాలును దొర అంటున్నవ్. కాలుతోని నీకేం పని? కాలు మాట్లాడతదా? మొఖం సూడు. నేను మాట్లాడత."

"మొఖం సూస్తె ఏమన్న అంటరేమో."

"ఎవలంటరు? గీడ దొర లేడు. ఏ ఊరు, ఎప్పటిసంది నొస్తున్నది, ముల్లా నారా, అడుగు. నోరు ఊకుంటె పాత మాటనే అంటది. దానికి పని జెప్పు."

సైదయ్య తల ఎత్తాడు. దానికి చాలాసేపు పట్టింది. గడ్డం లేచింది, తర్వాత చూపు లేచింది, గౌరీబాయి మెడలోని పూసల దాకా వచ్చి అక్కడ ఆగింది, ఆపైన ముఖం దాకా పోయింది. అతను ఆమెను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"గౌరమ్మా, నీకు ముక్కెరున్నదా?"

"పుట్టినకాడికెల్లి ఉన్నది," అంది గౌరీబాయి. ఇన్నాళ్లుగా తనతో ఒకే పొయ్యి మీద వండుకు తింటున్న మనిషి ముక్కెర అతను అప్పుడు చూశాడు. నేను పగలబడి నవ్వాను. నవ్వు ఆగాక చూస్తే సైదయ్య రెండు చేతులూ గాల్లోనే ఉన్నాయి. కళ్ల దగ్గరికి పోలేదు.

ఆనాటి నుంచి సైదయ్య రోగులను అడగడం మొదలుపెట్టాడు. ఏ ఊరు, ఎవరి బావి నీళ్లు తాగుతారు, ఎద్దులున్నాయా, కోడలు మంచిదేనా. ముఖం చూస్తూ అడిగేవాడు. రోగులు నొప్పి మరిచిపోయి చెప్పేవారు. ఒక్కొక్క కట్టుకు ఇంతింత సేపు పడుతోందని డాక్టరుగారు విసుక్కున్నారు గాని, అతని చేతుల వంక చూసి ఊరుకున్నారు. చెయ్యి అప్పుడప్పుడు లేచేది. లేచి, దారి మరిచిపోయినట్టు మధ్యలో ఆగి, తిరిగి గాల్లో నిలబడేది.

పరీక్ష రోజు పొద్దున్నే బీరన్న గడీ బండి తోలుకుని వచ్చి గేటు ముందు వేపచెట్టు నీడలో ఆపాడు. బండిలో గడ్డి కొత్తగా పరిచి ఉంది. మనిషిని మర్యాదగా తీసుకుపోవాలని దొర చెప్పాడట. సైదయ్య ఆ బండిని చూసి, ఎద్దులను చూసి, లోపలికి వచ్చి కూర్చున్నాడు. అన్నం తినలేదు.

హైదరాబాదు పెద్ద డాక్టరుకు తెలుగు అంతంత మాత్రం. కుర్చీలో నిటారుగా కూర్చుని, కలం తెరిచి పెట్టుకుని చేతులనే చూస్తున్నాడు. బయట వరసలో ఉన్న రోగుల్లో ఎవరి వంతు వస్తే వాళ్లు లోపలికి రావాలి. నాకు ఒక షావుకారు ఆనెకాయ వచ్చింది. ముక్కు బిగబట్టి చెక్కాను. పాసయ్యాను. గౌరీబాయి పాసయింది. పెద్ద డాక్టరుకు కూడా ఆమె రెండు సలహాలిచ్చింది. యాదగిరి చేతులు కడుక్కోకుండా తల గోక్కుని తప్పాడు. అతనికి మళ్లీ అవకాశం ఉంది, ఇంటికి పోయి చదువుకోవచ్చు. తర్వాత సైదయ్య పేరు పిలిచారు.

అతని వంతుకు వచ్చిన రోగి మోతీబాయి అనే ముసలి లంబాడావిడ. కర్ర పట్టుకుని కుంటుతూ వచ్చింది. కాళ్లకు బరువైన కడియాలు. కుడి కడియం కింద నారికురుపు పగిలి, పుండై, చీము పట్టి ఉంది. ఆ వాసనకు పెద్ద డాక్టరు రుమాలు తీశాడు. నేను కిటికీ దగ్గరికి జరిగాను.

సైదయ్య స్టూలు నిండా కూర్చున్నాడు. ఆ పాదాన్ని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. తల ఎత్తాడు.

"ఏ తండా అవ్వా?"

ఆమె చెప్పింది. కడియం తీయనా అని అడిగాడు, పెళ్లినాటిది వద్దంది. సరే, పైకి జరుపుతా అన్నాడు, జరిపాడు. కడిగాడు. ఎన్నాళ్లనుంచి అన్నాడు. దీపావళికి ముందటినుంచి అంది. నారి కొస వెతికి పుల్లకు అందించాడు. చుట్టాడు. ఒక చుట్టు, ఆగడం, ఆమె ముఖం చూడడం, మరో చుట్టు. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడు. కొడుకు, కోడలు అంది. ఇల్లంత వాసన కొడుతోందని తనను గొడ్ల కొట్టంలో ఉంచారంది. కోడలు కంచాన్ని కర్రతో దగ్గరికి తోస్తుందంది. ఫిర్యాదులా చెప్పలేదు, ఊరి సంగతి చెప్పినట్టు చెప్పింది. సైదయ్య నారి తెగకుండా ఆనాటికి రావలసినంత లాగాడు. మందు వేశాడు. గుడ్డ చుట్టి ముడి వేశాడు. పాదాన్ని నెమ్మదిగా నేల మీద దించి లేచి నిలబడ్డాడు.

మేమందరం అతని చెయ్యినే చూస్తున్నాం. గేటు దగ్గర బీరన్న మునివేళ్ల మీద నిలబడి చూస్తున్నాడు. రెండు చేతులూ లేచాయి. ఒంటికి ఎడంగా పోయి గాల్లో నిలబడ్డాయి. పిచ్చేశ్వరరావుగారు ఊపిరి వదలడం నాకు వినబడింది. పెద్ద డాక్టరు కలం తీసుకున్నాడు.

అప్పుడు మోతీబాయి కర్ర పక్కన పెట్టి లేచింది. ఏం చేస్తోందో ఎవరికీ తెలియలేదు. నడుము పట్టుకుని వంగింది. సైదయ్య రెండు పాదాలూ ముట్టుకుంది. ఆ వేళ్లు కళ్లకద్దుకుంది.

"నా కాలు ఒళ్లె పెట్టుకుంటివి అయ్యా," అంది. "కాల్మొక్త."

సైదయ్య పాదాలు వెనక్కి లాక్కోబోయాడు. వెనక స్టూలు ఉంది. ఎటు దాచుకోవాలో తెలియక ఒక పాదం మీద ఇంకో పాదం వేసుకున్నాడు. పుట్టిన తర్వాత ఆ మాట అతను ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. ఎవరూ అతనితో అనలేదు.

"అవ్వా, అనకు," అన్నాడు. "గామాట నాకనకు. ఎవ్వలకు అనకు."

కళ్లల్లోంచి నీళ్లు కారడం మొదలయింది. చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. కన్నీళ్లు చెంపల మీద నుంచి గడ్డం మీదికి, అక్కడి నుంచి అంగీ మీదికి కారుతున్నాయి. ముక్కు కారుతోంది. ఎవరికైనా చెయ్యి వెంటనే కళ్ల దగ్గరికి పోతుంది. సైదయ్య చేతులు పోలేదు. రెండూ గాల్లో అలాగే ఉన్నాయి, ఎర్రమందు నీళ్లు కారుతూ. తుడుచుకోవడానికి వీల్లేక, ముఖం దాచుకోవడానికి వీల్లేక అందరి ముందూ తలెత్తి నిలబడి ఏడ్చాడు. ఆ నిలబడడంలో మొదటిసారి అతని ఎత్తు మాకు కనబడింది. పరీక్షలో సాయం చెయ్యకూడదు కాబట్టి మాలో ఎవరమూ కదల్లేదు.

మోతీబాయే తన తల మీది ముసుగు కొంగు తీసి అతని ముఖం తుడిచింది. చెంపలు తుడిచింది, ముక్కు తుడిచింది. రోగి డ్రెస్సరు ముఖం తుడవకూడదని మా పాఠాల్లో ఎక్కడా లేదు.

"క్యోఁ రో రహా హై?" అని అడిగాడు పెద్ద డాక్టరు. ఎందుకు ఏడుస్తున్నాడని.

పిచ్చేశ్వరరావుగారికి అది అర్థమైంది. ఆయన కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నారు. "అది పరీక్షలో లేదండీ," అన్నారు. "మీరు చేతులు చూడండి."

పెద్ద డాక్టరు చేతులు చూశాడు. కాగితం మీద రాశాడు. పిచ్చేశ్వరరావుగారు వంగి ఆ రాసింది చదివారు. తర్వాత తొట్టి దగ్గరికి పోయి, నీళ్లు తెచ్చే మనిషిని పిలవకుండా చెంబు తనే ముంచుకుని వచ్చి, సైదయ్య చేతుల మీద నీళ్లు పోశారు. సైదయ్య వద్దయ్యా వద్దయ్యా అంటూనే కడుక్కున్నాడు.

బీరన్న గేటు దాటి లోపలికి వచ్చాడు. అతని కళ్లూ తడిగానే ఉన్నాయి, కాని అతను పంపితే వచ్చినవాడు, అడగవలసింది అడగాలి.

"సైదా, దొరకేం జెప్పాలె?"

సైదయ్య తడి చేతులు గాల్లో పట్టుకుని బీరన్న ముఖంలోకి చూశాడు.

"నడిగూడెంల నాకు పనున్నదని జెప్పు."